ఒక ఫోను, ఒక మనిషి

అక్క తన సంచీలోంచి ఒక్కొక్క వస్తువూ తీసి మీటింగు హాలు బల్ల మీద పెడుతుంటే, అదే బల్ల చివర లాప్‌టాప్ ముందు కూర్చున్న చెల్లెలు తల ఎత్తలేదు. రక్తపోటు చూసే మిషను, దాని గొట్టం పొందిగ్గా చుట్టి ఉంది. దూది పొట్లం. కట్టుగుడ్డ చుట్టలు. కత్తెర. సగం ఖాళీ అయిన చేతితొడుగుల పెట్టె. స్టోరు గుమాస్తా పక్కనే నిలబడి ప్రతిదాన్నీ వెలుతురుకి పట్టి చూసి మరీ తీసుకుంటున్నాడు. ఆఖర్న అక్క సంచీని తలకిందులు చేసి దులిపింది. ఒక చొక్కా గుండీ, రెండు పిప్పరమెంటు బిళ్ళలు రాలాయి.

"అవి నావండీ," అంది అక్క.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇళ్ళకి నర్సుల్ని పంపే కంపెనీ అది. కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం, మంచాన పడ్డవాళ్ళని ఒత్తిగిలించి ఒళ్ళు తుడవడం నర్సుల పని. ఎవరు ఎంత చేశారో తేల్చడం పై అంతస్తు వాళ్ళ పని. చెల్లెలు ఆ పై అంతస్తులో రిపోర్టులు తీస్తుంది, అందుకని ఆఫీసంతా ఆమెని రిపోర్టమ్మ అంటుంది. ఈ ఇద్దరూ ఒక తల్లి పిల్లలని అక్కడ ఎవరికీ తెలియదు. చుట్టాలు ఒకేచోట పనిచేయకూడదని రూలు. ఇంటిపేర్లు వేరు గనక గడిచిపోతోంది.

తెర మీద నర్సుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా రెండు అంకెలు. ఎన్నిసార్లు వెళ్ళారన్నది ఒకటి, ఎంతమంది వేర్వేరు మనుషుల్ని చూశారన్నది రెండోది. అక్క వరస ఎర్రగా ఉంది. ఎర్రరంగు వేయమన్నది మేనేజరు. వేసిన వేలు రిపోర్టమ్మది.

ఈ మేనేజరుకి ప్రతిదీ ఒక్క ముక్కలో కావాలి. కొంప అంటుకుందని చెప్పబోయినా "ఒక్క ముక్కలో చెప్పండి" అంటాడు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని ఒక్కముక్క అనుకుంటారు.

"నెలంతా కాళ్ళరిగేలా తిరిగినట్టు రాశారు. బాగుంది," అన్నాడు ఒక్కముక్క, తెర మీద ఎర్రగీత వెంబడి పెన్ను జరుపుతూ. "తీరా ఎంతమంది మనుషుల్ని చూశారని మిషన్ని అడిగితే నలుగురు అంటోంది. నలుగురు! ఆ నలుగురికీ రోజుకి నాలుగేసి కట్లు కట్టారా? ఒక్క ముక్కలో చెప్పండి. వెళ్ళారా, లేదా?"

"వెళ్ళానండీ."

"ఎవరింటికి?"

"అందరిళ్ళకీనండీ."

ఈసారి నవ్వు ముందు వరసల్లోంచి కూడా వచ్చింది. అక్క చూపు ఒక్కసారి బల్ల చివరికి వచ్చింది. వచ్చి, చెల్లెలి మొహం మీద ఆగకుండా కిటికీ వైపు పోయింది. నిన్ను ఇందులోకి లాగనులే అన్నట్టుంది ఆ చూపు. నవ్వినవాళ్ళ కంటే ఆ చూపే రిపోర్టమ్మని ఎక్కువ మండించింది. మెళ్ళో గుర్తింపు కార్డు తీసి ఇచ్చేసి, పిప్పరమెంటు బిళ్ళలూ గుండీ కొంగున ముడేసుకుని అక్క బయటికి వెళ్ళిపోయింది. ఖాళీ సంచీ బల్ల మీదే ఉండిపోయింది.

అందరూ వెళ్ళాక రిపోర్టమ్మ ఆ రిపోర్టు కడుపు విప్పి చూసింది. ఈ సాఫ్ట్‌వేరులో రిపోర్టు కట్టడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఎవరి లెక్కన విడగొట్టాలో ఆ వివరాన్ని ఒక గడిలోకి లాగాలి, దేన్ని లెక్కపెట్టాలో దాన్ని ఇంకో గడిలోకి లాగాలి. "అన్నీ లెక్కపెట్టు" అనొచ్చు, "వేర్వేరువి మాత్రమే లెక్కపెట్టు" అనొచ్చు. ఒక్కముక్క కిందటి నెల దీని మీద ఒక పూట శిక్షణకి వెళ్ళి వచ్చాడు. అప్పట్నుంచీ కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టుంది ఆయన పని. నర్సు పేరుని మొదటి గడిలో పడేశాడు. వేర్వేరు మనుషులెందరో తేలాలని రెండో గడిలో ఫోన్ నంబరు పడేశాడు. రిసెప్షను వాళ్ళు ఒకే రోగికి సేవ అడిగిన ప్రతిసారీ కొత్త కార్డు తెరుస్తారు గనక కార్డు నంబర్ని నమ్మలేం, ఫోను అబద్ధం చెప్పదు అని ఆయన సిద్ధాంతం. "ఒక ఫోను, ఒక మనిషి" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి తన గది తలుపుకి అంటించుకున్నాడు కూడా.

రిపోర్టమ్మ అక్క వరస మీద రెండుసార్లు నొక్కి లోపలి పేర్లు తెరిచింది. పేర్లు వేరు, వయసులు వేరు, ఇళ్ళు వేరు. ముగ్గురు తప్ప మిగతా అందరి పక్కనా ఒకటే ఫోన్ నంబరు. ఆ నంబరు ఆమెకి నిద్రలో అడిగినా వచ్చు. అది అక్కది.

ఇంట్లో బావ అప్పటికే వ్యాను తాళాలు మేకుకి తగిలించి టీ కాస్తున్నాడు. అక్క కుర్చీలో కూర్చుని ఆ ఊడిన గుండీని ఎవరిదో చొక్కాకి కుడుతోంది.

"అందరికీ నీ నంబరు రాయించావేంటే బాబూ?" అంది రిపోర్టమ్మ చెప్పులు కూడా విప్పకుండా.

"మరేం రాయించను? కాలవ పక్క ఇళ్ళల్లో ముసలాళ్ళకి ఫోనెక్కడిది? ఉంటే గింటే కొడుకు పట్టుకుపోతాడు," అంది అక్క సూది మీంచి కన్ను తిప్పకుండా. "ముందురోజు కంపెనీ నుంచి మెసేజ్ వస్తుందా, ఒకటి నొక్కితేనే మర్నాడు నర్సు బయల్దేరుతుంది. నొక్కకపోతే అవసరం లేదని కొట్టేస్తారు. వాళ్ళ తరఫున ఎవరో ఒకళ్ళు నొక్కాలిగా? నేనే నొక్కుతున్నా."

"ఆ మాట అక్కడ చెప్పొచ్చుగా!"

"వాడు ఫోనని అడిగాడా? వెళ్ళావా లేదా అన్నాడు. వెళ్ళానన్నాను."

బావ టీ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. "అంటే ఏంటి మరదలా, కాలవ పక్కన ఉన్న ముసలాళ్ళంతా కలిపి మీ అక్క ఒక్కత్తే అన్నమాట. నేను ఇన్నాళ్ళూ కాపురం చేస్తోంది ఇంతమందితోనా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన తన గ్లాసు తీసుకుని గుమ్మంలోకి పోయాడు.

అంతలో అక్క ఫోను మోగింది. రేపు ఉదయం మీకు నర్సు సేవ ఉంది, కావాలంటే ఒకటి నొక్కండి. వెంటనే ఇంకోటి, దాని వెనకే మరోటి. అలవాటుగా అక్క బొటనవేలు ఒకటి మీదికి వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది.

మర్నాడు రిపోర్టమ్మ తిన్నగా ఒక్కముక్క గదికి వెళ్ళి సంగతంతా చెప్పింది. అక్క అని చెప్పలేదు, ఆ నర్సు అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి మొత్తం విన్నాడు. ఆయన ఒక మాటని చివరిదాకా వినడం ఆమె చూడటం అదే మొదలు. అందుకే ఆశ పుట్టింది.

"అంటే నా రిపోర్టు తప్పంటావు."

"రిపోర్టు తప్పని కాదు సార్. ఫోను బదులు పేరూ, వయసూ, ఇల్లూ మూడూ కలిపి లెక్కపెడితే..."

"చూడమ్మా. దొంగ విజిట్లు పట్టుకున్నానని నిన్న సాయంత్రమే పెద్ద డాక్టరమ్మగారికి చెప్పేశాను. శుక్రవారం మీటింగులో అందరి ముందూ చూపించమన్నారు. ఇప్పుడెళ్ళి పొరపాటైంది, అది దొంగ కాదు అనమంటావా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆయన గొంతు తగ్గించి స్నేహంగా నవ్వాడు. "ఒక నర్సు పోతే ఇంకో నర్సు వస్తుంది. ఒక్కళ్ళ కోసం నియమం మారుస్తామా?"

అంటే తెలిసింది. తెలిసి కూడా మార్చడు. రిపోర్టమ్మకి చెవుల్లోంచి పొగలు వచ్చినంత పనైంది. కానీ ఆమె మొహం మీద ఆయన చూసింది ఒదిగిన నవ్వే.

"అయితే సార్, ఇదే నియమం మిగతా రిపోర్టులన్నిటికీ కూడా పెట్టెయ్యమంటారా? శుక్రవారం నాటికి అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి."

"పెట్టు. అన్నిటికీ పెట్టు. అలా ఉండాలి పని!" అన్నాడు ఒక్కముక్క.

తన చావు తనే కొని తెచ్చుకున్నాడు అనుకుంటూ బయటికొచ్చింది రిపోర్టమ్మ. ఒక్కముక్క గర్వంగా చెప్పుకునేది ఒకటుంది. సంతోషపడ్డ కస్టమర్ల రిపోర్టు. ఆయన కింద కొందరమ్మాయిలు రోజంతా రోగుల ఇళ్ళకి ఫోన్లు చేసి సేవ ఎలా ఉందని అడిగి, బాగుందంటే నమోదు చేస్తారు. వేలమంది సంతోషపడ్డారని ప్రతి మీటింగులోనూ చెప్తాడాయన. కానీ ఆ నమోదులో ఫోన్ నంబరు గడి నింపకపోతే పేజీ ముందుకి కదలదు. ప్రతిసారీ రోగి నంబరు మళ్ళీ కొట్టే ఓపిక లేక ఆ అమ్మాయిలు ఆఫీసు నంబరే కొట్టి పారేస్తారు. ఆ సంగతి రిపోర్టమ్మకి తెలుసు.

ఆమె ఆ రిపోర్టు తెరిచి, రెండో గడిలో ఉన్నది తీసేసి, ఫోన్ నంబర్ని లాగి పడేసింది. వేర్వేరువి మాత్రమే, అంది. తెర ఒక్క క్షణం తెల్లబోయి, వేల అంకె ఉన్నచోట ఒకటి వేసింది. ఆమె ఆ ఒకటిని చాలాసేపు చూసింది. నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టుంది. అంకె సైజు పెంచి, తెర మధ్యకి జరిపింది.

"నువ్వు మాత్రం ఆ మెసేజ్‌లకి ఒకటి నొక్కకు," అని ఆ సాయంత్రం అక్క చేతిలో ఫోను లాక్కున్నంత పని చేసింది. "ఈ వారం నీ వరస మొత్తం ఖాళీగా కనబడాలి. నిన్ను తీసేశాక ఆ ఇళ్ళకి పురుగు కూడా పోలేదని తెర మీద తేలాలి. అప్పుడు చూడు వాడి మొహం."

"గడియారాల తాతకి రేపు కట్టు మార్చాలే," అంది అక్క. కాలవ మొదట్లో ఒంటిగా ఉండే ముసలాయన, ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. షుగరు. కాలి బొటనవేలి మీద పుండు.

"రెండు రోజులు ఆగితే ఏం కొంప మునగదు. నిన్ను అందరి ముందూ సంచీ దులిపించాడు గుర్తుందా?"

అక్కలోనూ కారం తక్కువేం లేదు. "నేను చూసింది నలుగురినే అన్నాడుగా," అంది పళ్ళ మధ్య దారం తెంపుతూ. "ఆ మిగతావాళ్ళు లేనట్టే మరి. లేనోళ్ళకి కట్లేంటి." ఫోను తీసుకుని బోర్లా పెట్టింది.

గుమ్మంలోంచి బావ అన్నాడు. "ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటున్నారు మీరు."

"ఇల్లు మనది కాదుగా బావా. కంపెనీది," అంది రిపోర్టమ్మ.

ఆ జవాబు ఆమెకి ఎంత నచ్చిందంటే, మర్నాడు ఆఫీసుకి వెళ్తూ దారిలో కూడా తలుచుకుని నవ్వుకుంది. ఆ వారమంతా ఆమె ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. ఒక్కముక్కకి టీ తెప్పించింది. ఆయన అడగకుండానే రిపోర్టులకి రంగులు అద్దింది. మధ్యమధ్య అక్క వరస తెరిచి, ఈ వారం గళ్ళు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకునేది. ఖాళీగానే ఉన్నాయి. ప్రతి ఖాళీ గడీ ఆయన మెడకి ఒక ముడి అనుకునేది. ఇంట్లో అక్క రోజురోజుకీ మాటలు తగ్గించింది. బోర్లా పెట్టిన ఫోను బల్ల మీద గజగజ వణుకుతుంటే లేచి వెళ్ళి గిన్నెలు తోమేది, తోమినవే మళ్ళీ తోమేది. రిపోర్టమ్మ అదంతా అవమానం తాలూకు బాధ అనుకుంది.

శుక్రవారం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. కంపెనీ ఆవిడదే. పెద్దావిడ, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది, కళ్ళజోడు ముక్కు చివర ఉంటుంది. డైరెక్టర్లూ, ఆఫీసువాళ్ళూ అందరూ కూర్చున్నాక ఒక్కముక్క లేచి, ఉపోద్ఘాతం లేకుండా, "ముందు మన కస్టమర్ల సంతోషం చూద్దాం మేడమ్," అన్నాడు. రిపోర్టమ్మ నొక్కింది.

సంతోషపడ్డ వేర్వేరు కస్టమర్లు: 1.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి చూసింది. "ఎవరండీ ఆ ఒక్కళ్ళూ? మీ ఆవిడా?"

నవ్వు గోడలకి తగిలి తిరిగొచ్చింది. సోమవారం అక్కని చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడూ నవ్వారు, ఇంకా గట్టిగా నవ్వారు. ఒక్కముక్క చెవులు ఎర్రబడ్డాయి. "మిషను తప్పు మేడమ్. ఏదో తేడా చేసింది."

"మిషను తేడా చెయ్యలేదు మేడమ్. సారు తలుపు మీద ఉన్న నియమమే," అంది రిపోర్టమ్మ వినయంగా. "ఒక ఫోను, ఒక మనిషి. మన అమ్మాయిలు అందరికీ ఆఫీసు నంబరే కొట్టారు. ఫోను ఒకటే కాబట్టి మనిషీ ఒకరే."

"ఫోను ఒకటైతే మనిషి ఒక్కడే అవుతాడా?" ఒక్కముక్క బల్ల గుద్దాడు. "ఇంగితం ఉండక్కర్లా? ఫోను వేరు, మనుషులు వేరు!"

ఆ మాట ఆయన నోటే రావాలని ఆమె వారమంతా కాచుకుని కూర్చుంది. తొందరపడలేదు. అది హాలంతటా వినబడి చల్లారేదాకా ఆగింది.

"అదే సార్, మొన్న నేనూ మీకు చెప్పింది," అని, దొంగ విజిట్ల రిపోర్టు తెర మీదికి తెచ్చింది. గడిలోంచి ఫోన్ నంబరు బయటికి లాగి, పేరూ వయసూ ఇల్లూ కలిపి పడేసింది. అక్క వరసలో నాలుగు పోయి ముప్పై ఎనిమిది వచ్చింది. ఎర్రరంగు దానంతటదే ఊడిపోయింది. అందరికన్నా పైకి పాకి కూర్చుంది అక్క పేరు.

"ఫోన్లు లేని ముసలాళ్ళ తరఫున తన నంబరిచ్చి, మెసేజ్‌కి ఒకటి నొక్కేదట ఈ నర్సు. అందుకని తీసేశారు మేడమ్," అంది రిపోర్టమ్మ.

ఒక్కముక్క కూర్చుండిపోయాడు. పెద్ద డాక్టరమ్మ ఆయన వైపు ఒకసారి చూసి, ఇంక అక్కడ చూడాల్సిందేమీ లేనట్టు తెర వైపు తిరిగింది. "ఆ అమ్మాయిని ఇవాళే పిలిపించండి. ఈ వారం వీళ్ళని ఎవరు చూశారు?"

రిపోర్టమ్మ దాచిపెట్టుకున్న ఆఖరి దెబ్బ అదే. ఈ వారం గళ్ళు తెరిచింది. పై నుంచి కింది దాకా తెల్లగా ఉన్నాయి. "ఎవరూ చూడలేదు మేడమ్. మెసేజ్‌కి ఒకటి నొక్కేవాళ్ళు లేక, ఒక్క నర్సు కూడా బయల్దేరలేదు." గొంతులోకి తియ్యదనం ఎంత వద్దనుకున్నా వచ్చేసింది.

పెద్ద డాక్టరమ్మ ఒక్కముక్కని ఏమీ అనలేదు. చేతికర్ర బల్లకి ఆనించి, "నీకీ సంగతి ఎప్పుడు తెలిసిందమ్మా?" అంది.

"సోమవారం మేడమ్."

"ఇవాళ ఏ వారం?"

రిపోర్టమ్మ ఒక్కముక్క వైపు చెయ్యి చూపింది.

"సారుకి చెప్పాను మేడమ్. వినలేదు."

"ఆయన వినలేదు సరే. నాకు ఫోన్ చేస్తే నేనూ విననా? నేనెవరినో, నా నంబరేమిటో నీకు తెలియదా?" ఆవిడ గొంతు పెంచలేదు. "వీళ్ళలో పుండ్లున్నవాళ్ళెవరో చదువు. అందరి పేర్లూ చదువు. పైకి."

ఆమె చదవడం మొదలుపెట్టింది. పేరు, వయసు, ఇల్లు, కట్టు ఎక్కడ. పక్కగదిలోకి ఎవరో పరిగెత్తి నర్సులకి ఫోన్లు చేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కముక్క మెడకి ముడులనుకున్న ఖాళీ గళ్ళలోంచి ఒక నడుమూ, ఒక మడమా, ఒక తొడా బయటికొచ్చాయి. గడియారాల తాత దగ్గరికి వచ్చేసరికి "కుడికాలి బొటనవేలు" అన్న మాట పైకి రాలేదు. మళ్ళీ చదవమంది పెద్ద డాక్టరమ్మ. మళ్ళీ చదివింది.

అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రిపోర్టమ్మ దొరికిన బండెక్కి కాలవ దగ్గర దిగింది. మొదటి ఇంటి ముందు బావ వ్యాను తలుపులు తెరిచి ఉంది. ఆయన వెనక సీట్లు మడిచి దుప్పటి పరుస్తున్నాడు. ఆమెని చూసి ఏమీ ఎకసెక్కం ఆడలేదు, లోపలికి అన్నట్టు గడ్డం ఊపాడు.

గుమ్మంలోనే వాసన కొట్టింది. లోపల మంచం పక్కన అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మందుల షాపులో కొన్న దూది, గుడ్డ, సీసా నేల మీద ఉన్నాయి. ముసలాయన పాదం ఆమె ఒళ్ళో ఉంది. వేలు మొదట్నుంచీ చీలమండ దాకా రంగు మారింది.

"అక్కా, గెలిచాం," అంది రిపోర్టమ్మ. అనుకున్న మాట అదే, అలవాటుగా వచ్చేసింది. "నిన్ను మళ్ళీ రమ్మన్నారు. అందరి ముందూ వాణ్ణి..."

"ఆ గిన్నె పట్టుకో."

పట్టుకుంది. అక్క పాత కట్టు నీళ్ళతో తడిపి కొంచెం కొంచెంగా విప్పింది. విప్పిన గుడ్డ గిన్నెలో పడింది. రిపోర్టమ్మ మొహం తిప్పుకోబోయింది.

"తిప్పుకోకు, చూడు," అంది అక్క. గొంతులో కోపం లేదు, అందుకే రిపోర్టమ్మకి భయమేసింది. "ఇందాక తలుపు తోసేసరికే నాకు తెలిసిపోయింది. నువ్వు వద్దన్నావని ఆగాననుకున్నావా? నాకూ కసిగానే ఉంది. వాడికి బుద్ధొస్తుందంటే నాకూ బాగానే ఉంది. పగ మనిద్దరిది, పుండు ఈయనది." ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "వేలు ఉంటుందో పోతుందో. ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ వైపు పట్టు."

ఇద్దరూ చెరో భుజం కిందా చేతులు పెట్టి ముసలాయన్ని లేపారు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. అంత జ్వరంలోనూ ఆయన అక్క మొహం కేసి వెతుక్కున్నట్టు చూసి, ఖాళీ చేత్తో ఆమె నుదురు తాకి చూశాడు.

"ఇన్నాళ్ళు రాలేదేంటమ్మా," అన్నాడు. "నీకే ఒంట్లో బాగాలేదేమోనని ఒకటే బెంగ. కబురు పంపుదామంటే నా దగ్గర ఫోను లేదాయె. ఇప్పుడు కులాసాయేనా?"

అక్క తల ఊపింది. ముసలాయన రెండోవైపు తిరిగి రిపోర్టమ్మని చూశాడు.

"ఈ పిల్లెవరు?"

పై అంతస్తులో అందరికీ జవాబు చెప్పి వచ్చిన రిపోర్టమ్మకి ఆ ఒక్కదానికి నోరు పెగల్లేదు. అక్కే చెప్పింది, మా చెల్లెలు తాతా, అని. ముసలాయన తృప్తిగా తన బరువంతా ఆమె భుజం మీద వాల్చి, వ్యాను దాకా నడిచాడు.